కువైట్‌లో పుట్టినవాళ్లకు లాటరీ, నెల్లూరులో పుట్టినవాళ్లకు రసీదు

(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ఈ నెల ‘కాగితాల కబుర్లు’కి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికా గ్రీన్‌కార్డు లాటరీ గురించే. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పుట్టిన తేదీ సవరణ లాంటి మామూలు ప్రశ్నలు వచ్చే నెల చూద్దాం. కొత్తగా చదువుతున్నవాళ్లకు ఒక మాట చెప్పాలి. నేను లాయర్ని కాదు. కువైట్‌లో ఒక కంపెనీలో మందూబ్‌గా చాలా ఏళ్లు పనిచేసి నెల్లూరు చేరాను. మందూబ్ అంటే జనం అకామాలు (నివాస అనుమతులు), బతాకాలు (గుర్తింపు కార్డులు), పుట్టిన పిల్లల సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి. నాకు తెలిసింది కాగితం ఒక్కటే. దాని గురించే చెబుతాను.

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ పాసై ఖాళీగా ఉన్నాడు. నెల్లూరులో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ‘అమెరికా గవర్నమెంటు లాటరీ ఉంది, పేరు తగిలితే నేరుగా గ్రీన్‌కార్డే’ అని 35 వేలు కట్టించుకుని రసీదు ఇచ్చారు. మొన్న ‘మీరు ఎంపికయ్యారు’ అని వాడికి ఈమెయిల్ వచ్చింది. వీసా ఫీజు, లాయరు ఫీజు కలిపి 1,80,000 రూపాయలు వారంలో కట్టాలంటున్నారు. రొయ్యల గుంట లీజు డబ్బు చేతిలో ఉంది. కట్టమంటారా?
– ఎస్. ఆర్., బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: కట్టొద్దు. ఉత్తరంలో ఫోన్ నంబరు ఉంటే ఇది అచ్చయ్యేదాకా ఆగకుండా ఆ రోజే చెప్పేవాణ్ణి.

లాటరీ ఉన్న మాట నిజమే. దాని అసలు పేరు డైవర్సిటీ వీసా, అందరూ డీవీ అంటారు. 1990లో అమెరికా చేసిన వలస చట్టంలో పెట్టారు, 1995 ఆర్థిక సంవత్సరం నుంచి నడిచింది. తమ దేశానికి తక్కువమంది వచ్చే దేశాలవాళ్లకు కూడా తలుపు తెరవాలన్నది దాని ఉద్దేశం. అందుకే గడిచిన అయిదేళ్లలో 50,000 మందికి మించి వలస పంపిన దేశాలను పక్కన పెడతారు. ఇండియా ఆ పక్కన పెట్టిన జాబితాలో ఉంది. చైనా, పాకిస్తాన్, బంగ్లాదేశ్ కూడా అంతే. నేపాల్, శ్రీలంక వాళ్లు వేసుకోవచ్చు, మనం వేసుకోకూడదు. మీ అబ్బాయి బుచ్చిరెడ్డిపాళెంలోనే పుట్టాడని రాశారు. మీరు, మీ ఆవిడ కూడా ఇక్కడే పుట్టారు. పెళ్లి కాలేదు. అంటే వాడికి ఈ లాటరీలో చోటే లేదు. 35 వేలు కట్టినా, 35 లక్షలు కట్టినా ఇంతే.

ఇంక ఆ ఈమెయిల్ సంగతి. ఎంపికయ్యారని ఎవరికీ ఈమెయిల్ పంపరు, ఉత్తరమూ రాయరు, ఫోనూ చేయరు. దరఖాస్తు వేసిన రోజు కంప్యూటర్ ఒక కన్ఫర్మేషన్ నంబరు ఇస్తుంది. ఫలితాలు పెట్టాక ఆ నంబరుతో అమెరికా విదేశాంగ శాఖ సైటులో మనమే చూసుకోవాలి. ఆ సైటు పేరు చివర ‘డాట్ గవ్’ అనే ఉంటుంది. ఎంపికైనవాళ్లు కూడా వీసా ఫీజును ఇంటర్వ్యూ రోజున కాన్సులేట్ కౌంటర్లో కడతారు. మనిషికి 330 డాలర్లు. దాన్ని నెల్లూరులో ఏ అకౌంటుకీ ముందుగా పంపే పద్ధతి లేదు.

ఇంకొక పని తప్పకుండా చేయండి. వాళ్లు నిజంగా ఏదైనా ఫారం నింపారా, నింపితే మీ వాడు పుట్టిన దేశం ఏమని రాశారు అని అడగండి, కాపీ తీసుకోండి. ఇండియా అని రాస్తే చెల్లదు కాబట్టి కొందరు నేపాల్ అని రాసేస్తారు. రేపు వాడు పై చదువుకో, హెచ్1బీ అనే ఉద్యోగ వీసా మీదో అమెరికా వెళ్లాలనుకున్నప్పుడు ఆ అబద్ధం వాడి పేరు మీదే బయటపడుతుంది. పోయిన 35 వేలకన్నా నాకు దీనికే ఎక్కువ టెన్షన్.

రసీదు, వాట్సాప్ మెసేజీలు, ఆ ఈమెయిల్ అన్నీ దాచి, స్టేషన్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఆన్‌లైన్లో పంపిన డబ్బయితే 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ మోసాల జాతీయ నంబరు. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ. హెచ్1బీ లాటరీ అని జనం అనేది వేరే సంగతి. అది ఉద్యోగం ఇచ్చే కంపెనీ వేయాలి, అది గ్రీన్‌కార్డూ కాదు.

ప్రశ్న: నేను 1996లో కువైట్‌లో, ఫర్వానియా ఆసుపత్రిలో పుట్టాను. నాన్న అక్కడ ఏసీ మెకానిక్, అమ్మ టైలరింగ్ చేసేది. టెన్త్ దాకా అక్కడే చదివి ఇంటర్‌కి కావలి వచ్చేశాను. పాస్‌పోర్టు ఇండియాదే. పెళ్లయింది, మా ఆయన కావలిలోనే పుట్టారు, మాకు ఒక పాప. డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కూతురు ‘నువ్వు డీవీ లాటరీ వేసుకోవచ్చు’ అంటోంది. ఇక్కడ అడిగితే ‘ఇండియా వాళ్లకు లేదమ్మా’ అంటున్నారు. ఏది నిజం? మా అన్నయ్య కూడా వేసుకోవచ్చా? తను నెల్లూరులో పుట్టాడు.
– ఎం. ఎల్., కావలి

జవాబు: మీ పిన్ని కూతురు చెప్పిందే నిజం, తల్లీ. ఇండియా వాళ్లకు లేదన్నవాళ్లు మీ పాస్‌పోర్టు చూసి చెప్పారు. ఈ లాటరీ పాస్‌పోర్టు చూడదు, ఏ దేశంలో పుట్టారో చూస్తుంది. మీరు కువైట్‌లో పుట్టారు, కువైట్‌కి అర్హత ఉంది, కాబట్టి మీరు కువైట్ లెక్కలోకి వస్తారు. కువైట్ మీకు పౌరసత్వం ఇవ్వకపోయినా, మీ నాన్నగారి అకామా ఎప్పుడో రద్దయినా దీనికి సంబంధం లేదు. దుబాయ్, మస్కట్, దోహా, బహ్రెయిన్, సౌదీల్లో పుట్టిన మన పిలకాయలకూ ఇదే వర్తిస్తుంది. అర్హత లేనివాళ్లంతా ఏజెంట్ల దగ్గర డబ్బు కట్టి కూర్చుంటే, అర్హత ఉన్నవాళ్లకు ‘నీకు లేదు’ అని ఉచితంగా చెప్పి పంపేస్తున్నారు. మా జిల్లాలో ఇదొక విచిత్రం.

మీ అన్నయ్యకు మాత్రం కుదరదు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలని మీ అమ్మగారు విమానం ఎక్కి నెల్లూరు వచ్చి ఉంటారు, రెండోసారి సెలవు దొరక్క అక్కడే ఉండిపోయి ఉంటారు. మనవాళ్ల ఇళ్లలో ఇలా పెద్దవాడు ఇండియా, చిన్నది కువైట్ అయిన కుటుంబాలు నాకు బోలెడు తెలుసు. నియమాల్లో ఒక మినహాయింపు ఉంది: బిడ్డ పుట్టిన దేశంలో తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరూ పుట్టి ఉండకూడదు, ఆ సమయంలో ఏ ఒక్కరికీ అక్కడ చట్టబద్ధమైన నివాసమూ ఉండకూడదు. అప్పుడు వాళ్లలో ఒకరు పుట్టిన దేశం లెక్కన వేసుకోవచ్చు. మీ అమ్మానాన్న ఇద్దరూ ఇండియాలోనే పుట్టారు కాబట్టి అన్నయ్యకు ఆ దారి కూడా మూసుకుపోయింది. వదిన అర్హత ఉన్న దేశంలో పుట్టి ఉంటేనే ఆయనకు వీలు.

ఆ చివరి మాట మీ ఆయనకు పనికొస్తుంది. భార్య పుట్టిన దేశం లెక్కన భర్త కూడా తన పేరు మీద వేరే దరఖాస్తు వేయొచ్చు. అంటే మీ ఇంటి నుంచి రెండు. ఆయన దరఖాస్తులో మీ పేరు, మీ దరఖాస్తులో ఆయన పేరు, రెంటిలోనూ పాప పేరు ఉండాలి. ఆయన దరఖాస్తు ఎంపికైతే ఇద్దరికీ వీసా రావాలి, ఇద్దరూ కలిసే అమెరికాలో దిగాలి. అదొక షరతు. ఒక మనిషి పేరు మీద మాత్రం ఏడాదికి ఒకటే. రెండు వేస్తే రెండూ పోతాయి. ఇరవై ఒక్క ఏళ్లలోపు పిల్లలందరి పేర్లూ రాయాలి, వెంట తీసుకెళ్లకపోయినా సరే. ‘పాప చిన్నది కదా, తర్వాత చేరుద్దాం’ అంటే ఇంటర్వ్యూ దాకా వెళ్లి తిరిగి రావాల్సిందే.

చదువు పన్నెండేళ్లు కావాలి. అంటే ఇంటర్ పాస్. మీకు ఉంది. మీ పేరు మీద ఎంపికైతే మీ ఆయన చదువు ఎవరూ అడగరు. ఆయన పేరు మీద ఎంపికైతే మాత్రం ఆయనకు ఉండాలి.

ఇక నా సొంత సబ్జెక్టుకి వద్దాం. మీ కువైట్ బర్త్ సర్టిఫికెట్ ఈ రోజే బీరువాలోంచి తీయండి. అరబిక్‌లో ఉంటుంది. అరబిక్‌లో ‘ప’ లేదు, ‘చ’ లేదు. మీ నాన్నగారి పేరు పెంచలయ్య అని రాశారు. అక్కడి గుమాస్తా ఆ పేరుని ఏం చేసి ఉంటాడో నేను చూడకుండానే ఊహించగలను. ఇంగ్లిషులోకి అనువాదం చేయించినప్పుడు ఆ పేరు ‘బెన్షలయ్య’ అని వస్తుంది, మీ పాస్‌పోర్టులో తండ్రి పేరు పెంచలయ్య అని ఉంటుంది. ఇద్దరూ ఒకరే అని చూపే కాగితాలు ఇప్పుడే కూడబెట్టండి: నాన్నగారి పాత పాస్‌పోర్టులు, అకామా ముద్రలున్న పేజీలు, బతాకా జెరాక్సు. మీరు పుట్టినప్పుడు అక్కడి ఇండియన్ ఎంబసీలో నమోదు చేయించి ఉంటే ఆ సర్టిఫికెట్ బంగారం. 1990 ఆగస్టుకి ముందు కువైట్‌లో పుట్టినవాళ్లకు ఈ తిప్పలు ఇంకా ఎక్కువ. ఇరాక్ సేనలు దిగాక మనవాళ్లు లక్షకు పైగా మంది అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో వచ్చేశారు. బిడ్డను చంకన పెట్టుకుని వచ్చినవాళ్లు సర్టిఫికెట్ ఎక్కడ వెతుకుతారు పాపం! అలాంటివాళ్లు కువైట్ ఆరోగ్య శాఖ నుంచి నకలు తెప్పించుకునే పని ముందే మొదలుపెట్టాలి. దానికి నెలలు పడుతుంది. ఎంపికయ్యాక మొదలుపెడితే గడువు దాటిపోతుంది.

గడువు సంగతి ఎందుకంటున్నానంటే, ఈ వీసాలకు వాయిదా లేదు. మామూలుగా అక్టోబర్, నవంబర్‌లలో దరఖాస్తులు తీసుకుంటారు, మే నెలలో ఫలితాలు పెడతారు, ఆ వచ్చే అక్టోబర్ 1 నుంచి పై సెప్టెంబర్ 30లోపు వీసా చేతికి రావాలి. సెప్టెంబర్ 30 దాటితే ఎంపికైన నంబరు చిత్తుకాగితమే. పైగా ఏడాదికి ఉండేవి 55,000 లోపు వీసాలు. ఒక్క దేశానికి ఏడు శాతానికి మించి ఇవ్వరు. ఎంపిక మాత్రం లక్షకు పైగా మందిని చేస్తారు, సగంమంది మధ్యలో జారిపోతారన్న లెక్కతో. కాబట్టి ‘సెలెక్టెడ్’ అని కనిపించగానే ఉద్యోగం మానేసి, కావలిలో ఇల్లు బేరం పెట్టకండి. దరఖాస్తులు కొన్నేళ్లలో రెండు కోట్ల దాకా వచ్చాయి. తగిలితే తగిలినట్టు, లేకపోతే లేదు.

ఇప్పుడు చేదు సంగతి. ఎన్నో ఏళ్లు దరఖాస్తు పూర్తిగా ఉచితం. 2025లో ఒక డాలరు రుసుము పెడుతూ నిబంధన తెచ్చారు. అదే ఏడాది డిసెంబరులో ఈ కార్యక్రమాన్ని ఆపుతున్నట్టు అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. కాబట్టి వేసేముందు తలుపు తెరిచి ఉందో లేదో అధికారిక సైటులో మీరే చూసుకోండి. ఎవరైనా ‘ఈ వారమే లాస్ట్’ అంటే నమ్మకండి. ఈలోగా కాగితాలు సరిచేసుకుంటే ఆ పని ఎక్కడికీ పోదు. పదహారేళ్లు నిండాక కువైట్‌లో ఏడాదికి మించి ఉండి ఉంటే అక్కడి పోలీసు క్లియరెన్స్ కూడా కావాలి. మీరు టెన్త్ అయ్యాక వచ్చేశారు కాబట్టి తేదీలు ఒకసారి లెక్కేసుకోండి.

ప్రశ్న: నేనూ కువైట్‌లోనే పుట్టాను. టెన్త్ తప్పాను. సింగరాయకొండలో కారు నడుపుతున్నాను, పదేళ్ల అనుభవం ఉంది. చదువుకు బదులు అనుభవం చాలంటున్నారు, నిజమేనా?
– పి. కె., సింగరాయకొండ

జవాబు: అనుభవం చాలు, కానీ ఏ అనుభవమైనా కాదు. నేర్చుకోవడానికే కనీసం రెండేళ్ల శిక్షణ కావలసిన వృత్తి అయి ఉండాలి, గడిచిన అయిదేళ్లలో అందులో రెండేళ్లు పనిచేసి ఉండాలి. ఏ వృత్తి ఏ తరగతిలోకి వస్తుందో అమెరికా కార్మిక శాఖ జాబితాలో ఉంటుంది. డ్రైవింగ్ దానికి సరిపోదు. ఓపెన్‌లో టెన్త్, ఇంటర్ పూర్తిచేయండి. లాటరీ రాకపోయినా అవి ఎక్కడికి వెళ్లినా పనికొస్తాయి.

ప్రశ్న: మాది ఫొటో స్టూడియో. లాటరీ ఫొటో అని కొందరు వస్తున్నారు. నీలం బ్యాక్‌గ్రౌండ్ పెట్టి, ముఖం కాస్త తెల్లగా చేసి ఇస్తున్నాం. ఇబ్బందేమైనా ఉందా?
– కోవూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: రెండూ ఇబ్బందే. బ్యాక్‌గ్రౌండ్ తెలుపు, లేదా తెలుపుకు దగ్గరగా ఉండాలి. ముఖం ఉన్నది ఉన్నట్టే ఉండాలి. పెళ్లిచూపుల ఫొటోలకు చేసే మేకప్ ఇక్కడ చేశారంటే దరఖాస్తే పోతుంది. కళ్లద్దాలు తీయించండి. సైజు 600 పిక్సెల్ బై 600, ఫైలు 240 కేబీ దాటకూడదు. ఆరు నెలల లోపు తీసిందై ఉండాలి. నిరుటి ఫొటోనే మళ్లీ పంపితే వాళ్ల కంప్యూటర్ పట్టేస్తుంది. పసిపిల్లలకూ విడిగా కావాలి. అమ్మ ఒళ్లో కూర్చోబెట్టి, అమ్మ చేయి కనపడేలా తీయకండి.

మీ దగ్గరే ఫారం కూడా నింపిస్తున్నారని రాశారు. మంచిదే, రెండొందలో మూడొందలో తీసుకోండి, ఎవరూ తప్పుపట్టరు. కానీ ఈమెయిల్ దగ్గర మీ స్టూడియోది ఇవ్వకండి, వాళ్లదే ఇవ్వండి. కన్ఫర్మేషన్ పేజీ వాళ్ల ఎదుటే ప్రింటు తీసి చేతిలో పెట్టండి. కొన్నిచోట్ల ఏజెంట్లు ఆ నంబరు తమ దగ్గరే అట్టిపెట్టుకుని, పేరు తగిలాక ‘ఇంత ఇస్తేనే నంబరు చెబుతా’ అని బేరం పెడతారు. ఇంకా ఘోరం ఏంటంటే, పెళ్లికాని కుర్రాడి దరఖాస్తులో ఎవరో అమ్మాయిని భార్యగా చేర్చి, ఆమె దగ్గర వేరే డబ్బు గుంజుతారు.

ప్రశ్న: అర్హత ఉన్న దేశంలో పుట్టిన అమ్మాయితో కాగితాల మీద పెళ్లి చేయించి లాటరీ వేయిస్తామంటున్నారు. వెళ్లాక విడాకులట. సేఫేనా?
– పేరు వద్దు, చీమకుర్తి

జవాబు: పేరు వద్దన్నప్పుడే మీకు జవాబు తెలుసు. దొరికితే జన్మలో అమెరికా వీసా రాకుండా చేసే నేరం అది. కాన్సులేట్‌లో ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టి, పొద్దున ఇంట్లో ఎవరు ముందు లేస్తారో అడుగుతారు.

ప్రశ్న: మా తమ్ముడు అమెరికా సిటిజన్. మా కుటుంబానికి పిటిషన్ వేస్తానంటున్నాడు. మాకు ఇద్దరు పిల్లలు, 14, 11. ఎంతకాలం పడుతుంది? లాటరీ కన్నా ఇది నయమా?
– వి. బి., టంగుటూరు

జవాబు: నయమే, ఎందుకంటే ఇది మీకు నిజంగా ఉన్న దారి. కానీ నెమ్మదైన దారి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల కోటాలో ఇండియావాళ్ల వరుస పదిహేనేళ్లు దాటిపోయింది. మీ వంతు వచ్చేసరికి పిల్లలిద్దరూ ఇరవై ఒకటి దాటేసి, మీ వీసాతో రాలేని పరిస్థితి రావొచ్చు. వాళ్ల వయసు లెక్కలో పిటిషన్ పరిశీలనకు పట్టిన రోజుల్ని తీసేస్తారు, కానీ అది ఇంత పెద్ద వరుసకు చాలదు. అయినా వేయించండి. వరుసలో నిలబడినంత మాత్రాన పోయేదేమీ లేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఆ తర్వాత మీరు టూరిస్టు వీసా అడిగితే ‘మీ పేరు మీద వలస పిటిషన్ ఉందా’ అని ఫారంలో ఉంటుంది. ఉందనే రాయాలి. పిల్లల చదువులు మాత్రం ఈ పిటిషన్‌కి ముడిపెట్టకండి.

ప్రశ్న: నేను డిగ్రీ పాసయ్యాను, వయసు 23. ఇండియావాళ్లకే లండన్ వీసా లాటరీ ఉందని మా స్నేహితురాలు చెప్పింది. ఇది కూడా మోసమేనా?
– ఎన్. ఎస్., ఒంగోలు

జవాబు: ఇది నిజమైనదే. ఇండియా యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్ అంటారు, 2023లో మొదలైంది. 18 నుంచి 30 ఏళ్ల వయసు, డిగ్రీ, బ్యాంకులో 2,530 పౌండ్లు ఉండాలి. ఏడాదికి 3,000 మందిని బ్యాలెట్‌లో తీస్తారు. బ్యాలెట్‌లో పేరు వేయడానికి ఒక్క రూపాయి కూడా అక్కర్లేదు. దాన్ని బ్రిటన్ ప్రభుత్వ సైటులో తెరిచేది రెండు రోజులకే, కాబట్టి ప్రకటన వచ్చిందేమో అప్పుడప్పుడూ చూస్తుండండి. పై ఉత్తరాల్లో నేను ఈమెయిల్ నమ్మొద్దన్నాను గానీ, ఈ స్కీములో మాత్రం ఫలితం ఈమెయిల్‌కే వస్తుంది. అందుకే మీ సొంత ఈమెయిల్ ఇవ్వండి, ఇంటర్నెట్ సెంటరువాళ్లది కాదు.

అయితే ఇది స్థిర నివాసం కాదు, రెండేళ్ల వీసా. పొడిగించరు, ఒక్కసారే ఇస్తారు. ఎంపికయ్యాక వీసా ఫీజు, రెండేళ్లకు సరిపడా ఆరోగ్య సర్‌చార్జీ ముందే కట్టాలి. టీబీ పరీక్ష వాళ్లు గుర్తించిన క్లినిక్‌లోనే చేయించుకోవాలి. 2,530 పౌండ్లు వరసగా 28 రోజులు అకౌంటులో నిలిచి ఉండాలి కాబట్టి, మీ నాన్నగారు పొగాకు డబ్బు అందులో వేశాక మధ్యలో ఎరువుల కోసం తీయకుండా చూసుకోండి.